సుద్దముక్క రుచి

ఆ కుట్టు కార్ఖానాలో కత్తెర పట్టే హక్కు ఒక్క కటింగ్ మాస్టారిదే. మిగతావాళ్ళంతా మిషన్ల ముందు కూర్చుంటే, ఆయన పొడవాటి బల్ల దగ్గర నిలబడి, సుద్దముక్కతో గీత గీసి బట్ట కోస్తాడు. ఆయన గీత తప్పిందా, అందరి కష్టం బూడిదలో పోసిన పన్నీరే. అలాంటి మనిషి ఒకరోజు చొక్కా చేతులు రెండూ కుడివైపువే కోసిపెట్టాడు.

ఆయనకు షుగరుంది. అది వచ్చినప్పటినుంచి ఒంట్లో ఏం జరిగినా నేరం దాని నెత్తినే పడేది. మెట్లెక్కితే ఆయాసమా, షుగరే. కాళ్ళు లాగుతున్నాయా, షుగరే. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో అంకె పెరిగేసరికి, డాక్టరును అడక్కుండానే తిండి సగానికి సగం కోసేశాడు. కొయ్యడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య కదా! కాళ్ళనొప్పులకు మందులషాపులో బిళ్ళలు కొనుక్కుని మింగేవాడు. అయినా రోజురోజుకీ నీరసమే. చివరికి యజమాని దగ్గరికి వెళ్ళి, ఇంకెవరినైనా చూసుకోండని, వాళ్ళు దొరికేదాకా మాత్రం వస్తానని చెప్పేశాడు.

"పని మానేసి ఇంట్లో ఏం చేస్తారు? నా కర్టెన్లు కోస్తారా?" అంది భార్య. నవ్విస్తే మనసు మారుతుందని ఆవిడ ఆశ. ఆయన నవ్వలేదు. ఆ బల్ల లేకపోతే తానెవరో ఆయనకే తెలియదు.

ఇంకో సంగతి భార్యక్కూడా చెప్పలేదు. అరిగిపోయిన సుద్దముక్కల్ని ఆయన తినేస్తున్నాడు. ఆ మట్టివాసన తగిలితే నోరూరేది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా, ఎవరూ చూడట్లేదనే అనుకున్నాడు.

గుండీలక్క చూసింది. గుండీలు కుట్టే ఆ మనిషికి కళ్ళెంత చురుకో నోరూ అంతే. ఆ నోటికి కార్ఖానా అంతా హడలే.

"ఎన్నో నెల, మాస్టారూ?" అంది, అందరికీ వినిపించేలా.

మిషన్లు ఆగాయి. నవ్వులే నవ్వులు. మాస్టారికి ఒళ్ళు మండింది. అంత కోపానికి మొహం కందగడ్డ కావాలి. సున్నం కొట్టినట్టు తెల్లగానే ఉండిపోయింది. అది చూసి అక్క నవ్వు ఆపేసింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మా పెద్దది కడుపులో ఉన్నప్పుడు నేనూ బలపాలు నమిలేదాన్ని. ఒంట్లో రక్తం లేక అలా తినబుద్ధేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. మీ డాక్టరుకి చెప్పారా?"

"ఏమని చెప్పను చెల్లెమ్మా? ఈ వయసులో మట్టి తింటున్నాననా?"

"మీరు చెప్పకపోతే నేనొచ్చి చెప్తా."

అన్నంత పనీ చేసింది. మర్నాడు ఒకవైపు భార్య, ఇంకోవైపు అక్క, దొంగను పట్టుకెళ్ళినట్టు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు ఆయన కింది రెప్ప లాగి చూసి పరీక్షలు రాశాడు. రక్తం ఉండాల్సినదాంట్లో సగమే ఉంది. కడుపులోకి గొట్టం వేసి చూస్తే, నొప్పిబిళ్ళల వల్ల పుండుపడి, అక్కణ్ణుంచి కొద్దికొద్దిగా రక్తం పోతోంది.

"షుగరున్నవాళ్ళకి ఇంకే జబ్బూ రాదని రాసిపెట్టుందా అండీ?" అన్నాడు డాక్టరు. "ఐరన్ తగ్గితే ఆ మూడు నెలల అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు కూడా. మీరేమో అది చూసి కడుపు మాడ్చుకున్నారు. ఇంకొన్నాళ్ళు ఆగుంటే బల్ల దగ్గరే పడిపోయేవారు."

భార్య అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

నొప్పిబిళ్ళలు మానిపించారు. పుండుకు మందులిచ్చారు, ఐరన్ ఎక్కించారు, కడుపునిండా ఏం తినాలో చెప్పారు. మాస్టారు తిరిగొచ్చేసరికి బల్ల మీద దుప్పటి కప్పి ఉంది. యజమాని ఎవరినీ పెట్టుకోలేదు. మాస్టారు ఆ దుప్పటి తీసి మడతపెట్టాడు.

గీత గీశాడు. ఎక్కడా తప్పలేదు. పనిలో పడి, అరిగిన ముక్కను అలవాటుగా నోట్లో వేసుకున్నాడు. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అక్క చేతిలో సూది గాల్లోనే నిలిచింది.

మాస్టారు మొహం వికారంగా పెట్టి, "థూ! మట్టి!" అని ఉమ్మేశాడు.

ఆ మాట తన చెవిన పడ్డాక గానీ, మట్టి మీద యావ పోయిందని ఆయనకు అర్థం కాలేదు. అక్కవైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"మట్టే చెల్లెమ్మా, వట్టి మట్టి," అంటూ, అందరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.