అబద్ధపు వేడి

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పాకం వండిన పోశెట్టి, అది మూతపడ్డాక ఒక కంప్యూటర్ కొని జిరాక్స్ దుకాణం పెట్టుకున్నాడు. ఈమధ్య ఆ కంప్యూటర్ పని నడుమ 'వేడెక్కింది' అని చూపించి ఆరిపోతోంది. దుమ్ము దులిపాడు, కొత్త ఫ్యాను బిగించాడు, ఇంట్లోని కూలర్ తెచ్చి దాని ముందు పెట్టాడు. ఇప్పుడు మళ్లీ ఆరిపోయింది. విసిగిపోయి, పాతసామానుకు వేసేస్తానని, పనికొచ్చే భాగాలు తీసుకోవడానికి మూత విప్పాడు. భార్య గంగామణికి మనసొప్పలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఇచ్చిన పైసలతో కొన్నవాటిలో మిగిలింది అదొక్కటే.

"నన్ను ఉక్కల ఉడకవెట్టి కూలర్ దీనికి వెట్టినవ్. ఒక్కసారన్న చెయ్యి వెట్టి సూసినవా?" అంటూ లోపల ముట్టి చూసింది. "సల్లగున్నది గదయ్యా!"

పోశెట్టీ ముట్టి చూశాడు. ఫ్యాక్టరీ రోజులు కళ్లముందు కదిలాయి. అక్కడ మీటరు ముల్లును ఎవరూ నమ్మేవారు కాదు. చుక్క పాకం తీసి వేళ్ల మధ్య సాగదీసి చూసేవారు. అప్పట్లో ఊరంతా చక్కెర మడ్డి వాసన, రోడ్డు పొడుగునా చెరకు బండ్లు.

"ఇన్నేండ్లు చేతితోని సూసినోన్ని, దీని కాడ మర్చిపోయిన," అంటూ ఆన్ చేసి, లోపలి సెన్సర్లు చూపే వేడి అంకెలను తెర మీద తెరిచాడు. అన్నీ మామూలే. ఒక్క సెన్సర్ మాత్రం మొదటి క్షణం నుంచే నూరు డిగ్రీల పైన కదలకుండా నిలిచింది. చెడింది అదే. దాని మాట విని ఆరిపోకుండా సెట్టింగ్ మార్చాడు, నిజంగా వేడెక్కితే ఆపడానికి ప్రాసెసర్ సెన్సర్‌ను కాపలా ఉంచాడు.

పొద్దుగూకేదాకా కంప్యూటర్ ఆగలేదు.

"ఇగ దీన్ని పాతసామానుకు ఎయ్యనే," అన్నాడు పోశెట్టి.

"ఎయ్యనిస్తే గదా!" అంది గంగామణి.