చిటికెన వేలికి పని లేని కీబోర్డు

మా ఆయన కోర్టులో టైపిస్టు. తీర్పులకు నకళ్ళు టైపు చేయడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా అదే గది, కిటికీ పక్కన అదే కుర్చీ. ఆ కుర్చీలో వేసుకోవడానికి దిండు కుట్టమని నన్ను అడిగి, గుడ్డ రంగు బాగాలేదని రెండుసార్లు విప్పించాడు. ఆ పూట నా ఒంటిమీద బట్ట ఏ రంగుదో అడిగితే మాత్రం చెప్పలేడు.

నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా మెచ్చుకుంటారు. మెచ్చుకునేవాళ్ళకేం, వాళ్ళు కాపురం చేయాలా పెట్టాలా! ఇంట్లో ఏం అడిగినా ఆయన "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ"లో ఏది అవునో, ఏది కాదో తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. మూడోది, అసలు వినలేదనే "ఊఁ", ఇంకొంచెం ఆలస్యంగా తెలిసింది.

రెండేళ్ళ కిందట ఆయన కుడిచేతి చిటికెన వేలికి నొప్పి మొదలైంది. మొదట్లో చెప్పలేదు. గ్లాసు పట్టుకునేటప్పుడు ఆ వేలు విడిగా నిలబడుతుంటే నేనే పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ వేలును అటూ ఇటూ వంచి చూసి, "ఆరు నెలలు దీంతో టైపు చేయకండి" అంది. ఆయన తల ఊపి ఇంటికొచ్చాడు. మర్నాడు యథాప్రకారం ఆఫీసుకు వెళ్ళి పదకొండు పేజీల తీర్పు టైపు చేశాడు.

చేయక ఏం చేస్తాడు పాపం! వాళ్ళ ఆఫీసులో మూడేళ్ళకొకసారి వేగం పరీక్ష పెడతారు. నిమిషానికి నలభై మాటలు కొట్టలేకపోతే టైపింగు గదిలోంచి తీసేసి కింద రికార్డు గదికి పంపిస్తారు. అక్కడ కిటికీ ఉండదు, కీబోర్డు ఉండదు. పాత కట్టలకు చీటీలు అంటించడమే పని. జీతంలో తేడా రాదు గానీ, కిందికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ పైకి వచ్చింది లేదు. మామూలుగా మా ఆయన వేగం నలభై ఆరు. నొప్పి వచ్చాక ముప్ఫై ఏడుకు పడిపోయింది. పరీక్ష ఇంకా పద్నాలుగు నెలలుంది.

వారం రోజులు ఆలోచించి ఒక సాయంత్రం నాతో అన్నాడు.

"తప్పు వేలిది కాదే. కీబోర్డుది."

"అదేంటండీ?"

"దీర్ఘం, వత్తు రెండూ చిటికెన వేలి నెత్తిన పెట్టారు. రోజుకు నాలుగు వేల దెబ్బలు. అక్షరాల్ని వేరేగా అమర్చుకుంటే ఆ వేలికి పనే ఉండదు."

పెళ్ళయ్యాక ఆయన నాతో మాట్లాడిన అతి పొడుగు మాట ఇదే. కుట్టుమిషను తొక్కుతూ నా నడుము పట్టేస్తే నేను స్టూలు మార్చుకున్నాను గానీ, మిషను ఊడదీసి కొత్తది కనిపెట్టలేదు. ఆ మాటే అన్నాను. "ఊఁ" అన్నాడు.

ఇక మొదలైంది మా ఇంట్లో అక్షరాల లెక్క. ఏ అక్షరం ఎక్కువగా వస్తుందో తేలితే దాన్ని బలమైన వేళ్ళ కింద పెట్టాలట, అరుదైనవాటిని చిటికెన వేలికి తోసేయాలట. అందుకు ఆఫీసులో తప్పులు పడి పారేసిన తీర్పుల కాగితాలు సంచీ నిండా మోసుకొచ్చాడు. మూడు వందల పన్నెండు పేజీలు. భోజనాల బల్ల మీద పరిచి తలా కొన్ని అక్షరాలు పంచాడు. ఒక్కో అక్షరానికి ఒక్కో గీత, అయిదు గీతలకొక కట్ట. నాకు వ, ద, ప, య పడ్డాయి. హైస్కూల్లో చదివే మా అమ్మాయికి గుణింతాల గుర్తులు. మా అత్తగారికి ర, త, స, న. మిగతావన్నీ ఆయనే పెట్టుకున్నాడు.

అత్తగారు రెండు రోజులు బుద్ధిగా గీతలు గీసింది. మూడో రోజు నుంచి గీయడం మానేసి చదవడం మొదలుపెట్టింది.

"ఒరేయ్, ఈ పిల్లాడు గొలుసు నిజంగానే కొట్టేశాడా? తర్వాత పేజీ ఏదిరా?"

"తర్వాతి పేజీలో తప్పుల్లేవు, అందుకని తేలేదు. 'త'లు ఎన్నమ్మా?"

"ఆ పిల్లాడికి శిక్ష వేశారో లేదో చెప్పకుండా 'త'లేంట్రా?"

"శిక్షతో మనకు పన్లేదమ్మా."

అత్తగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి ఆ రోజుకు సమ్మె చేసింది. ఆవిడ వంతు కూడా నా నెత్తిన పడింది. సాయంత్రానికల్లా నా కళ్ళ ముందు అక్షరాలు చీమల్లా పాకేవి. నా దగ్గర కుట్టించుకునే పంతులమ్మ జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టాను. ఆవిడ మంచిది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వీధిలో నా పరువు గంగపాలయ్యేది.

నాలుగు నెలలకు లెక్క తేలింది. తీర్పుల్లో వాది, ప్రతివాది, సదరు, తదుపరి, ఉత్తర్వు, పరిశీలించిన మీదట అనేవి తిరగలి తిప్పినట్టు తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి వ, ద, త, ర, ప లాంటివాటికి వేళ్ళు వాలే మధ్య వరసలో పీట వేశాడు. దీర్ఘం, వత్తు చూపుడు వేళ్ళకిచ్చాడు. మాట మొదట్లో వచ్చే ఎ, ఏ, ఓ, తర్వాత ళ, ప్రశ్నార్థకం, ఇవి మచ్చుకైనా కనిపించడం లేదని కుడివైపు పైమూలకు, నొప్పి వేలి కిందికి పంపేశాడు. ఎప్పుడో తప్ప ఆ వేలు ఎత్తక్కర్లేదని పిల్లాడిలా సంబరపడ్డాడు. కంప్యూటర్లు బాగుచేసేవాడి దగ్గర పాత కంప్యూటరు, కీబోర్డు కొంటే, వాడు ఆ అమరికను కీబోర్డులోకి ఎక్కించి ఇచ్చాడు. మా ఆయన దాని మీటలన్నీ నా కత్తెర మొనతో పీకి, కొత్త వరసలో బిగించాడు. కత్తెర మొన విరిగింది. కొత్త కత్తెర కొనుక్కో అన్నాడు, అదేదో వరమిచ్చినట్టు.

నేర్చుకోవడం మరో భాగోతం. అన్నం తింటూ ఎడమచేత్తో బల్ల మీద టైపు చేసేవాడు. బస్సులో ముందు సీటు వీపు మీద టైపు చేసి ఎవరిచేతో చీవాట్లు తిన్నాడు. పక్కన కూర్చుని టీవీ చూస్తున్న కూతురి తల మీద కూడా కొట్టేవాడు. "నాన్నా, నా తల మీద ఏం రాస్తున్నారు?" అని అది అడిగితే, "సదరు ప్రతివాది" అని చెప్పాడు. ఇంట్లో అందరికీ ఆ భాష అంటుకుంది. మా అమ్మాయి బడికి సెలవు చీటీ రాస్తూ, "సదరు విద్యార్థినికి జ్వరము వచ్చిన విషయమును పరిశీలించిన మీదట" అని మొదలుపెట్టింది. వాళ్ళ టీచరు నన్ను పిలిపించి, ఇంట్లో ఏమైనా కేసు నడుస్తోందా అని మెల్లగా అడిగింది.

కొత్తది ఎక్కేకొద్దీ పాతది చేతుల్లోంచి జారిపోయింది. ఆఫీసు కీబోర్డు మీద ఆయన వేగం పద్దెనిమిదికి దిగింది. పక్క బల్ల అమ్మాయిని వాళ్ళ గదిలో అందరూ తుఫాను అంటారు, వేగం అరవై రెండు. మా ఆయన్ని అన్నయ్యగారూ అంటుంది, మా ఇంటికి వస్తూ పోతూ ఉంటుంది. ఒకరోజు నా దగ్గర వాపోయింది.

"వదినా, అన్నయ్యగారు ఓనమాలు దిద్దుకుంటున్నట్టు కొడుతున్నారు. అందరూ నవ్వుతున్నారు. కొంచెం చెప్పు వదినా."

చెప్పాను. గోడకు చెప్పినట్టే. అరికాలి మంట నెత్తికెక్కి, "రేపు పరీక్షలో మీ కీబోర్డు వద్దంటే ఏం చేస్తారు?" అని నిలదీశాను. అది మాత్రం ఆయన చెవికెక్కింది. మర్నాడే ఆఫీసులో పరీక్ష పెట్టే అధికారిణికి అర్జీ పెట్టాడు. ఒకటి పోయింది, రెండోది తిరిగొచ్చింది, మూడోదానికి జవాబు వచ్చింది. "సొంత కీబోర్డు తెచ్చుకొనవచ్చును. తద్వారా కలుగు లాభనష్టములకు కార్యాలయము బాధ్యత వహించదు" అని. ఆ కాగితాన్ని ఆయన మా పెళ్ళి ఫొటో పక్కన పెట్టాడు.

పరీక్ష ముందు వారం ఇంట్లో కొలత వేశాం. నేను గడియారం పట్టుకున్నాను, అత్తగారు పేజీ తిప్పింది. ఒక పాత తీర్పు ఇస్తే నిమిషానికి యాభై ఎనిమిది మాటలు కొట్టాడు. చిటికెన వేలు గాలిలో హాయిగా ఊగుతోంది. ఇంతకాలం తిట్టుకున్నదంతా మరిచిపోయాను. నిజం చెప్పొద్దూ, గర్వంగా అనిపించింది. మా ఆయన అసాధ్యుడని పంతులమ్మకు కూడా చెప్పుకున్నాను. పరీక్షనాడు కీబోర్డును పాత తువ్వాలులో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళాడు.

పరీక్షలో ఏం జరిగిందో ఆయన చెప్పలేదు. "అయింది" అన్నాడంతే. మర్నాడు తుఫాను వచ్చి చెప్పింది. దాని మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

ఎప్పుడూ పరీక్షకు ఏదో ఒక తీర్పులోంచి రెండు పేజీలు ఇస్తారట. కానీ అధికారిణి కొత్తావిడ, జాలిగుండె. రోజూ తీర్పులే కొట్టి కొట్టి వీళ్ళకు విసుగెత్తి ఉంటుంది, ఈ ఒక్కరోజైనా మనసుకు హాయిగా ఉండేది ఇద్దామనుకుందట. హాస్టల్లో ఉన్న కూతురికి తల్లి రాసినట్టు తనే ఒక ఉత్తరం రాసి తెచ్చింది. ఆ కాగితం తుఫాను నాకు చూపించింది.

"ఎలా ఉన్నావే తల్లీ? ఏం తింటున్నావు? ఎన్ని గంటలకు లేస్తున్నావు? కళ్ళ మంటలు తగ్గాయా? వేళకు నీళ్ళు తాగుతున్నావా? ఎవరైనా ఏమైనా అంటే ఓర్చుకో, ఏడవకు. ఇంతకీ ఎప్పుడొస్తావు?" రెండు పేజీలూ ఇంతే. తీర్పులో జడ్జిగారు ఎవరినీ ఏమీ అడగరు, చెప్తారంతే. తల్లికి అడగడం తప్ప ఇంకో పని లేదు. ప్రతి వాక్యానికీ ముందొక ఎ, చివరొక ప్రశ్నార్థకం, మధ్యలో కళ్ళూ నీళ్ళూ. అన్నీ పైమూలనే, అన్నీ ఆ వేలి కిందే.

"రెండు లైన్లు కొట్టి ఆగిపోయారు వదినా. వేలికేసి చూసుకున్నారు. మా అందరి కీబోర్డులూ టకటకా మోగుతున్నాయి. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. లేవలేదు. ఆ వేలితోనే చివరిదాకా కొట్టారు."

"తప్పులు?"

"ఒక్కటీ లేదు."

"వేగం?"

"ముప్ఫై ఎనిమిది."

రెండు మాటలు. రెండే రెండు మాటలు తక్కువ. నేను వంటగదిలోకి వెళ్ళి, చేయాల్సిన పనేదీ లేకపోయినా కుళాయి తిప్పి నిలబడ్డాను. నాకు ఎవరిమీద కోపగించుకోవాలో తెలియలేదు. ఆ అధికారిణి మంచే చేయబోయింది. ఆయన కూడా ఏ గీతా తప్పుగా గీయలేదు. మూడు వందల పన్నెండు పేజీల్లో మేం ఒక్క అక్షరం వదలకుండా లెక్కపెట్టాం. ఆ లెక్కంతా కోర్టు మాటలకే. ఇంట్లో మనుషులు మనుషులతో ఎలా మాట్లాడుకుంటారో అందులో లేదు. ఆ సంగతి నలుగురు మనుషులున్న ఇంట్లో కూర్చుని, నలుగురం కలిసి మరిచిపోయాం.

ఇప్పుడాయన రికార్డు గదిలో చీటీలు అంటిస్తున్నాడు. వేలికి పని లేక నొప్పి సగం తగ్గినట్టుంది. డాక్టరమ్మ చెప్పింది ఆఫీసే దగ్గరుండి చేయించింది. కిటికీ పక్క కుర్చీలోకి తుఫాను వచ్చింది. దిండు తిరిగిస్తానని అది కబురు పంపితే ఆయన వద్దన్నాడు.

కిందికి వెళ్ళిన మొదటి నెల ఆయన "ఊఁ" అనడం కూడా మానేశాడు. తర్వాత ఒక సాయంత్రం నేను మిషను ముందు కూర్చుని గుండీలు కుడుతుంటే, స్టూలు లాక్కుని నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. చేతిలో కొత్త నోటు పుస్తకం, పెన్ను.

"మాట్లాడు" అన్నాడు.

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. రోజూ మాట్లాడేవే. ఈసారి ఇంటి మాటలు లెక్క వేస్తాను."

"పంతొమ్మిదేళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నాను కదండీ. అవన్నీ ఏమయ్యాయి?"

ఆయన పెన్ను మూత తీశాడు.

"అప్పుడు వినలేదే. ఇప్పుడు వింటున్నాను కదా."

అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ మనిషి నా మొహంలోకి చూస్తూ, నేను ఏమంటానా అని కాచుకుని కూర్చున్నాడు. కుడుతున్న చొక్కా పక్కన పెట్టేశాను. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఏది ముందు చెప్పాలో తెలియక, అన్నిటికంటే ముందు నోటికొచ్చింది అడిగాను.

"వేలు ఎలా ఉందండీ?"

ఆయన తల వంచి ఆ మాటలే పుస్తకంలో రాసుకున్నాడు. కింద రెండు గీతలు గీశాడు.

"'ఎ' ఒకటి, ప్రశ్నార్థకం ఒకటి" అన్నాడు. "తర్వాత?"