మూడో సెల్

నాకు యాభై ఎనిమిదో ఏట అక్షరాలు వచ్చాయి. చిన్నప్పుడు బడికి పోకుండా అమ్మతో తునికాకు కోతకు పోయేదాన్ని. అందుకే ఈ సంగతి రాయడం ఇంత ఆలస్యమైంది.

మా చిన్నమ్మాయి పదో తరగతిలో ఉన్న ఏడాది వానకాలంలో నేను భద్రాచలం దారిలోని ఒక మోటారు షెడ్డులో హెల్పర్‌ను. హెల్పర్ పైన మెకానిక్, ఆ పైన మేస్త్రి. మా మేస్త్రి సైదులు. బ్యాటరీలు తుడవడం, నీళ్లు పోయడం, పరీక్షించడం నా పని. జీపు బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. ఒక్కోదానిలోంచి గాజు గొట్టంతో ఆసిడ్ పీల్చి, గొట్టం లోపల తేలే పుల్ల, అంటే ఫ్లోట్, ఎంత పైకి లేచిందో చూడాలి. దాని మీద ఉండేవి రంగులే కాబట్టి చదువు లేకపోయినా నాకు తెలిసేది. ఆకుపచ్చ అయితే చార్జి నిండుగా ఉన్నట్లు, ఎరుపు అయితే తక్కువ. ఆరూ ఒకేలా ఎరుపైతే చార్జి పెట్టి చూస్తాం. ఒక్క సెల్ మాత్రమే పడిపోతే బ్యాటరీ పోయినట్లే.

ఒక మధ్యాహ్నం దవాఖానా పనికి తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ జీపు వచ్చింది. మరునాడు రెండు వాగుల అవతలి గూడెం నుంచి నిండు చూలాలిని అందులో తేవాలి. వాగు మధ్యలో ఇంజన్ ఆగితే తోయడానికి మనుషులుండరు.

"ఆరూ ఎరుపే మేస్త్రీ," అన్నాను.

"అయితే చార్జి పెట్టి పంపుదం. నీళ్లు ముందు పోసినవా, ఫ్లోట్ ముందు చూసినవా నర్సమ్మక్కా?"

"నీళ్లే ముందు పోసిన."

కొత్తగా పోసిన నీళ్లు వెంటనే ఆసిడ్‌లో కలవవు, పైనే నిలుస్తాయి. నేను కొలిచింది ఆ నీళ్లను.

జీపు డ్రైవర్ నవ్వాడు. "చదువు రానోళ్లకు పరీక్షలు అప్పజెప్తే గిట్లనే ఉంటది."

"నువ్వు చదివినోనివే గదా, ఈ మూతలు తీసి ఎన్ని నెలలాయె చెప్పు?" అన్నాడు మేస్త్రి. డ్రైవర్ బీడీ తీశాడు. "అది బయటికి పోయి తాగు. బ్యాటరీ గ్యాస్ అంటుకుంటది."

మేస్త్రి నన్ను తిట్టలేదు. "రాత్రంత సన్న చార్జి పెట్టు. పొద్దుగాల్ల మళ్లీ చూడు. నువ్వు చెప్పినాంకనే బండి కదులుతది," అన్నాడు.

తెల్లారగానే ఏమీ పోయకుండా చూశాను. ఐదు సెల్స్ ఆకుపచ్చకు వచ్చాయి. మూడోది ఎరుపులోనే ఉంది. చెప్పగానే మేస్త్రి పాత బ్యాటరీని తీయించాడు. తాను మళ్లీ కొలవలేదు.

"పెద్దది పెట్టుండ్రి," అన్నాడు డ్రైవర్.

"పెద్దది ట్రేల పట్టదు, క్లాంపు బిగియదు. అడవి తొవ్వల ఎగిరెగిరి లోపటి ప్లేట్లు పాడైతయ్."

ప్లస్ కొన పాతదానిలాగే అదే పక్కకు వచ్చే, అదే సైజు బ్యాటరీ తెప్పించి నాతోనే బిగింపించాడు.

సాయంత్రం డ్రైవర్ వచ్చాడు. "వాగుల ఒకపాలి ఆగింది అక్కా. తాళం తిప్పంగనే లేచింది. ఆమె దవాఖానల ఉంది."

నీళ్లు పోసేముందే కొలవాలని, తప్పు చేస్తే అడిగిన వెంటనే చెప్పాలని ఆ పనిలో నేర్చుకున్నాను. చెప్పకపోయి ఉంటే చార్జి పెట్టి, మళ్లీ కొలవకుండా ఆ పాత బ్యాటరీతోనే జీపు వాగులోకి దిగేది.

మరునాడు పొద్దున డ్రైవర్‌ను పిలిచి, మూతలు తీయించి, ఫ్లోట్ చూడడం నేర్పాను.