కడియాలున్న ఆటగాడు

మా రోజుల్లో చెడుగుడు ఆటగాడి గొప్పతనాన్ని ఆటలో కాదు, చేతిమీద చూసేవారు. గద్వాల జాతరలో గెలిచిన జట్టులో ప్రతివాడికీ ఒక వెండి కడియం తొడిగేవారు మరి. మా మేనమామ ఒక్క కూతలో ముగ్గురిని అంటి వచ్చేవాడు. కానీ మిగతా జట్టంతా వేరుశనగ పీకి పీకి నడుములు పడిపోయి వచ్చేది కాబట్టి ఏటా ఓడిపోయేవాళ్లం. బోసిచేతులవాడు గొప్పవాడెలా అవుతాడు?

గొప్పవాడంటే మా వీధి అల్లుడు. అయిజ ఊరి జట్టులో ఆడేవాడు. ఏటా మొదటి కూతకే పట్టుబడి గీత బయట కూర్చునేవాడు, మిగిలినవాళ్లు గెలిచిపెట్టేవారు. చేతికి మూడు కడియాలు. ఆట గురించి మా మామ నోరు తెరిస్తే చాలు, "నువ్వాగు, మూడు కడియాలాయన చెప్తుండు" అనేవారు పెద్దలు.

ఒక ఏడు ఆ మహానుభావుడు కడియాలతోనే మా మీదికి కూతకు వచ్చాడు. మామ ఆ కడియాలనే దొరకబుచ్చుకుని కదలనివ్వలేదు. అల్లుడుగారు యథాప్రకారం బయట కూర్చున్నారు. అయిజ యథాప్రకారం గెలిచింది. నాలుగో కడియం తొడిగారు.

మా మామ అల్లుడి దగ్గరికి వెళ్లి దాన్ని తిప్పి చూశాడు.

"ఉండనీ బావా, తియ్యకు. వచ్చే ఏడు పట్టుకోనీకి ఇంకింత మంచిగుంటది."