తెరవని కళ్లు

ఈ రోజు బోధన్‌లో మా పక్కింటి లక్ష్మక్కను ఓదార్చడానికి పవిత్ర గ్రంథం పట్టుకుని వెళ్లాను. ఆమె బిడ్డ పోయిన వారం పుట్టి, కళ్లు తెరవకుండానే పోయింది. మిగిలింది ఆస్పత్రిలో తీసిన ఒక్క ఫొటో. ఫొటోగ్రఫీ చదివే ఆమె మేనకోడలు శ్రావణి దాన్ని కంప్యూటర్లో మార్చి తెచ్చింది. చెరకు పూల మధ్య, రెక్కలతో, కళ్లు తెరిచిన పాప!

“ప్రాణం పోసేది దేవుడొక్కడే! గీ అబద్ధపు బొమ్మెందుకు?” అని గద్దించాను.

లక్ష్మక్క నన్ను పట్టించుకోలేదు. “గీ కండ్లు ఎవరియే పిల్లా?”

“నావే అత్తా. నా చిన్నప్పటి ఫొటోల నుంచి తీసి పెట్టిన.”

ఆమె శ్రావణి గడ్డం పట్టుకుంది. “జర నా దిక్కు సూడు బిడ్డా. రెప్ప కొట్టకు.”

ఆ బొమ్మ అబద్ధమని చెప్పే వాక్యాలు నాకు చాలానే వచ్చు. ఆమె ముందు వాటిని చదవగలిగేవారు మీలో ఎవరైనా ఉన్నారా? గ్రంథం నేనే తెచ్చిస్తాను.