బస్తాల కాటా మీద ఏలకులు

1988 మే, మంగళవారం రాత్రి. కంగారు తగ్గక ఇప్పుడే రాస్తున్నాను.

మనవరాలు సుధ ఆఫీసువాళ్లు విమానంలోంచి రాడార్‌తో మన నూజివీడు తోటలను కొలిచారు. ఒక్కో చోటుకి నాలుగు రకాల అంకెలొచ్చాయి. కంప్యూటర్ టేపులు చాలక సుధ ఆ అంకెలను గుండ్రం చేసి కుదించింది. అసలు టేపు రేపు పొద్దున చెరిపేస్తారట.

భోజనాల దగ్గర, సుధ ఇంటికి తెచ్చిన ఆ కుదించిన అంకెల కాగితం చూశాను. నాలుగు వరుసల్లో రెండింటి నిండా సున్నాలే.

"ఇవేంటే?"

"కొమ్మలు, ఆకులు తిప్పి పంపిన రాడార్ తరంగాల అంకెలు అమ్మమ్మా. కాస్త బలహీనంగా ఉంటాయి."

"నాలుగింటికీ ఒకే కొలబద్ద పెట్టావా? బస్తాల కాటా మీద ఏలకులు తూస్తే సున్నా కాక ఏం చూపిస్తుంది?"

సుధ కంచం ముందు నుంచి లేచిపోయి ఆఫీసుకి ట్రంక్ కాల్ బుక్ చేసింది. మామిడి తోటల లెక్కలో చెట్లే లేకపోతే మీరైనా ఊరుకుంటారా, చెప్పండి.

ఇక జరగాల్సినవి:

1. బుక్ చేసిన ట్రంక్ కాల్ కలవాలి.
2. అసలు టేపు చెరపకుండా ఆపాలి.
3. ఏ రకం అంకెలకు తగిన కొలబద్ద వాటికి పెట్టి మళ్లీ కుదించాలి.
4. సుధ అన్నం తినాలి.