కదలని గీత

"మళ్ళీ నా చేతుల్లోనే పగిలితే?"

సైకిల్ని స్టాండుకి తగిలిస్తూ అన్నాడాయన. నాతో అన్నాడో, గోడతో అన్నాడో తెలియలేదు. నా భుజం మీద పాప నిద్రపోతోంది.

"బిగిస్తే పగులుతుంది. బిగించకపోతే జారుతుంది. ఎటు పోయినా గొయ్యే, అమ్మాయ్."

మా వాటా కింద సైకిల్ షాపు ఆయనది. వీధిలో అందరూ పానా పెద్దాయన అంటారు, నేను బాబాయ్ గారూ అంటాను. అరవై రెండేళ్ళుంటాయి. షాపు వెనక గదిలో ఒక్కడే ఉంటాడు. ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు. ఎవరైనా వస్తే గ్లాసు వాళ్ళకిచ్చి తను ఫ్లాస్కు మూతలో టీ తాగుతాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఒకసారి అడిగితే, "ఈ గ్రీజు చెయ్యి ఎవరు పట్టుకుంటారు?" అని నవ్వాడు. నవ్వు మాత్రం తొందరగా ఆపేశాడు.

పాప పుట్టాక నేను సెలవులో ఉన్నాను. ఎనిమిదింటికి మా ఆయన ఆఫీసుకి వెళితే, సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండదు. పాప తోపుడు బండి చక్రం కిర్రుమంటోందని ఒకరోజు కిందికి దిగాను. ఆయన ఏదో సైకిల్ వెనక చక్రం తిప్పి వదిలేశాడు. అది టిక్ టిక్‌మని తిరుగుతుంటే, పొద్దుటి నుంచీ ఏడుస్తున్న పాప టక్కున నిద్రపోయింది. "మీ అమ్మాయి మొదటి పంక్చరు నాదే, వేరే షాపుకి తీసుకెళ్ళారంటే ఊరుకోను" అన్నాడు. అప్పటి నుంచీ రోజూ పదకొండింటికి మేం కిందే.

నేను ఫిజిక్స్ చదివాను. చదివింది ఎక్కడ వాడాలో తెలియక పాప మీద వాడుతున్నాను. పొద్దునా సాయంత్రం తూచి, నోటుబుక్కులో రాసి, గ్రాఫు గీస్తాను. నలభై గ్రాములు తగ్గిందంటే ఆ పూట నాకు ముద్ద దిగదు.

ఆయన షాపు బయట చిన్న బోర్డు ఉంది: "కార్బన్ సైకిళ్ళు రిపేరు చేయబడవు." దాని కథ నాకు చాన్నాళ్ళ తర్వాత చెప్పాడు. తమ్ముడు పందేలు తొక్కేవాడట. వాడికి సైకిల్ నేర్పింది ఈయనే. పన్నెండేళ్ళ క్రితం ఒక పందెం ముందు తమ్ముడి కార్బన్ ఫ్రేములో, తేలికగా ఉండి ఎక్కువ బిగిస్తే పగిలే రకంలో, సీటు రాడ్డు జారడం మొదలెట్టింది. ఈయన ఇనుప బండ్లకి చేసినట్టే గ్రీజు రాసి, పొడుగు పానా పెట్టి ఒంటి బలమంతా వేసి బిగించాడు. గ్రీజు వల్ల ఇంకా జారింది. ఇంకా బిగించాడు. పందెంలో వంతెన దిగుతుండగా ఫ్రేము, రాడ్డుని పట్టి బిగించే క్లాంపు దగ్గర పగిలింది. తమ్ముడికి భుజం ఎముక విరిగింది. ఆస్పత్రి మంచం మీద వాడు ఒకటే అన్నాడట, "ఇంక నా బండి ముట్టుకోకన్నయ్యా." తర్వాత ఊరు చివరికి ఇల్లు మారిపోయాడు. రాకపోకలు లేవు.

ఆయన "మళ్ళీ పగిలితే" అన్న ఆ వేళ ఒక ఇరవై రెండేళ్ళ అమ్మాయి వచ్చింది. పాత కార్బన్ ఫ్రేము కొనుక్కుందట. చేతిలో విడిగా ఒక సీటు, దాని రాడ్డు.

"అంకుల్, ఈ రాడ్డు సన్నం, ఫ్రేము గొట్టం వెడల్పు. మూడు షాపులు తిరిగాను. కొత్తది కొనుక్కో అంటున్నారు. నాకిదే కావాలి."

ఆయన రాడ్డు తీసుకుని తిప్పి చూశాడు. దాని మీద ఆకురాయితో పెట్టిన చిన్న గాటు ఉంది. తమ్ముడి సీటు ఎత్తుకి తనే పెట్టిన గుర్తు.

"బయట బోర్డు చదవలేదా?"

"చదివాను. మీరెవరో తెలిసే వచ్చాను."

ఆయన ఆ గాటుని బొటనవేలితో తడిమాడు.

"మీ నాన్నకి తెలుసా?"

"తెలీదు. చెప్పనా?"

"ముందు ఇది నిలబడనీ. అప్పుడు చెబుదువుగాని."

ఆ అమ్మాయి సైకిల్ వదిలి వెళ్ళాకే ఆయన నోట ఆ భయం బయటపడింది.

రెండు గొట్టాలకీ తేడా నాలుగున్నర మిల్లీమీటర్లు. మధ్యలో అల్యూమినియం తొడుగు వెయ్యాలి. దొరికేవి పొట్టివి. ఆయన లేత్ మిషన్ అతని దగ్గర కూర్చుని పొడుగుది చేయించుకొచ్చాడు, బరువు ఒక్క అంచు మీదే పడకూడదని. దాని అంచులు సన్న గరుకుండే నీళ్ళ కాగితంతో రుద్ది, వేలు పెట్టి చూసి, మళ్ళీ రుద్దాడు. గ్రీజు డబ్బా ఎత్తి పై అరలో పెట్టేశాడు. సన్న ఇసుక కలిసినట్టుండే గరుకు పేస్టు పూశాడు.

"బలంతో కాదు, గరుకుతో నిలబడాలి. ఇది తెలియడానికి ఒక భుజం ఎముక ఖర్చయింది."

"ఘర్షణ గుణకం, బాబాయ్ గారూ" అన్నాను.

"ఆ పేరు అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది కదమ్మా!"

మర్నాడు ఆ అమ్మాయి వచ్చింది. ఫ్రేము మీద అయిదు న్యూటన్ మీటర్లకి మించి బిగించొద్దని రాసి ఉంది. ఆయన కొలత చూపే పానాతో మూడుకి బిగించి ఆ అమ్మాయిని ఎక్కి కూర్చోమన్నాడు. రాడ్డు వెంట్రుకవాసి దిగింది. నాలుగుకి పెట్టాడు. అంతే చాలన్నట్టు పానా టక్‌మంది. ఆయన చెయ్యి అక్కడే ఆగింది. మెల్లగా పానా తీసేశాడు.

"గోళ్ళ రంగుందా, అమ్మాయ్?"

పైకెళ్ళి నా ఎర్ర సీసా తెచ్చాను. పాప పుట్టాక మూత తీయలేదు, సగం గడ్డకట్టింది. రాడ్డు తొడుగులోకి దిగే చోట రెండింటికీ కలిసేలా సన్నగా గీత పెట్టాడు. రాడ్డు జారితే గీత విడిపోతుంది.

ఆ అమ్మాయి నాలుగు వీధులు తిరిగి, స్పీడ్ బ్రేకర్ల మీద కావాలని ఎగిరించి వచ్చింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. గీత చెక్కు చెదరలేదు.

"వారం వారం చూపించాలా?"

ఆయన పానాలన్నీ ఒకసారి సర్దాడు. "అక్కర్లేదు. గీత కదిలితేనే రా."

"వెళ్ళొస్తా పెదనాన్నా."

ఆ పిలుపు వీధి మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

నాకు కోపమొచ్చింది. "వారం వారం రమ్మంటే మీ సొమ్మేం పోయేది? ఆ వంకనైనా వచ్చేది కదా!"

"వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆ సీటు మీద అనుమానంతో ఇంటికెళ్ళేది. మా వాళ్ళకి నా పని మీద అనుమానం ఒకసారి పెట్టాను. చాలు."

అయిదు నెలలైంది. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. ఫోనూ రాలేదు. తండ్రికి చెప్పిందో లేదో తెలియదు. ఆయన మాత్రం రెండో గ్లాసు కొన్నాడు. బయట బోర్డు తీసేశాడు. వీధిలో సైకిల్ బెల్లు మోగితే పని ఆపి తలెత్తుతాడు, మళ్ళీ దించుకుంటాడు. "రాలేదంటే నిలబడిందనేగా" అంటాడు. అది సంతోషంగా చెప్పే మాటే, కానీ ఆయన గొంతులో అలా వినిపించదు.

పోయిన నెలాఖరులో నేను నోటుబుక్కు పట్టుకునే కిందికి దిగాను. పొద్దున పాప అరవై గ్రాములు తగ్గింది. ఆయన గ్రాఫుని కాసేపు చూసి, కొత్త గ్లాసులో నాకు టీ పోశాడు.

"డాక్టరెప్పుడు తూచమంది?"

"నెలకోసారి."

"మరి? గట్టిగా ఉన్నదాన్ని రోజూ విప్పి చూస్తే అదే వదులవుతుందమ్మా. గీత పెట్టుకో. కదిలితే పరుగెత్తు. కదలనప్పుడు చెయ్యి పెట్టకు."

నెల మొదటి తారీకున ఒక్కసారి తూచి, గ్రాఫులో చుక్క పెట్టాను. ఇవాళ పదకొండో తారీకు. తూకం మిషన్ అటక మీద ఉంది.